రోగం రానివాళ్లనూ అడగాలి: అంటువ్యాధుల దర్యాప్తు నేర్పే తీరు

బీహార్‌లోని ముజఫర్‌పూర్ లిచీ తోటలకు పేరు. ఆ జిల్లాలో 1990ల మధ్య నుంచి ఏటా మే నెల సగం గడిచిందంటే తల్లుల్లో గుబులు మొదలయ్యేది. రాత్రి బాగానే పడుకున్న పిల్లలు తెల్లవారుజామున ఫిట్స్‌తో కొట్టుకునేవారు. కాసేపటికే స్పృహ తప్పేది. ఆసుపత్రిదాకా తీసుకెళ్లినా చాలామంది దక్కేవారు కాదు. జులైలో వానలు పడితే అంతా సద్దుమణిగేది. మళ్లీ మరుసటి ఏడాది అదే వరస. మెదడువాపు వైరస్ అన్నారు, ఎండదెబ్బ అన్నారు, తోటల్లో కొట్టే పురుగుమందులన్నారు. ప్రతి మాటకూ కొంత ఆధారం కనిపించేది, ఏదీ చివరిదాకా నిలబడేది కాదు.

2013లో ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కలిసి అక్కడికి బృందాలను పంపాయి. అప్పటికి ఏడాది ముందే మన దేశంలో మొదలైన ఈఐఎస్ (అంటువ్యాధుల దర్యాప్తు) శిక్షణలో ఉన్న వైద్యులూ ఆ పనిలో పాలుపంచుకున్నారు. ఆసుపత్రి రికార్డులు ఒక్కొక్కటిగా చూస్తే ఒక సంగతి బయటపడింది: చాలామంది పిల్లలకు జ్వరమే లేదు. వెన్నులోంచి తీసిన నీటిలో ఇన్ఫెక్షన్ గుర్తులు దాదాపు లేవు. కొందరికి రక్తంలో చక్కెర బాగా పడిపోయి ఉంది. వైరస్ కోసం వెతుకుతున్నంతకాలం ఈ మూడూ కళ్ల ముందే ఉన్నా ఎవరూ కలిపి చూడలేదు.

మరుసటి ఏడాది సీజన్ మొదలవకముందే బృందం సిద్ధంగా ఉంది. రెండు పెద్ద ఆసుపత్రుల్లో చేరిన పిల్లలకు రాగానే గ్లూకోజ్ పరీక్ష చేశారు. 390 మంది చేరితే 122 మంది చనిపోయారు. పరీక్షించినవారిలో నూటికి 62 మందికి చక్కెర డెసిలీటరు రక్తానికి 70 మి.గ్రా. కంటే పైన లేదు. అన్నిటికంటే ముఖ్యమైన పని ఇంకొకటి చేశారు. జబ్బుపడిన 104 మంది పిల్లలకు జోడీగా, అదే వయసులో ఉండి వేరే కారణంతో ఆసుపత్రికి వచ్చిన మరో 104 మందిని తీసుకుని, రెండు గుంపులనూ ఒకే ప్రశ్నలు అడిగారు. నిన్న ఏం తిన్నారు, ఎక్కడ ఆడారు, రాత్రి అన్నం తిన్నారా, పండ్లు కడిగే తిన్నారా.

జవాబులు పక్కపక్కన పెడితే రెండు విషయాలు తేలాయి. అంతకుముందు 24 గంటల్లో లిచీ తినడానికీ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని అంకెల్లో చెబితే 9.6. ఈ కొలతలో 1 అంటే సంబంధం లేనట్టు. రాత్రి భోజనం మానేయడానికి అదే కొలత 2.2. లిచీలో ఉండే హైపోగ్లైసిన్ లాంటి పదార్థాలు, కొవ్వును కరిగించుకునే, కొత్తగా గ్లూకోజ్ తయారుచేసుకునే శక్తిని శరీరానికి లేకుండా చేస్తాయి. కడుపునిండా తిన్న పిల్లాడికి దానివల్ల పెద్దగా ఏమీ కాకపోవచ్చు. పగలంతా తోటలో రాలిన పండ్లు తిని, రాత్రి అన్నం తినకుండా పడుకున్న బక్కపిల్లాడికి తెల్లారేసరికి కాలేయంలో దాచుకున్న చక్కెర ఖాళీ అవుతుంది, మెదడుకు అందాల్సిన చక్కెర అందదు. పరీక్షించిన మూత్రం నమూనాల్లో మూడింట రెండింట ఆ పదార్థాల ఆనవాళ్లు దొరికాయి కూడా. 2017లో ఈ ఫలితాలు లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చాయి. సలహాలు మూడే: పిల్లలు రాత్రి అన్నం తినకుండా పడుకోకూడదు, లిచీలు తగ్గించాలి, ఫిట్స్‌తో వచ్చిన బిడ్డకు దగ్గరి పీహెచ్‌సీలోనే చక్కెర చూసి వెంటనే గ్లూకోజ్ ఎక్కించాలి.

ఇంత వివరంగా చెప్పుకోవడానికి కారణం ఉంది. ఈ దర్యాప్తులో కొత్త మందు లేదు. ల్యాబ్ పరీక్ష నిర్ధారణకు పనికొచ్చింది. దారి చూపించినవి మాత్రం ఒక ప్రశ్నావళి, ఒక గ్లూకోమీటర్, జబ్బు రాని పిల్లల జవాబులు. ఆ మూడో దాన్ని అడగాలన్న ఆలోచన సహజంగా రాదు. చావుబతుకుల్లో ఉన్న పిల్లల మధ్య నిలబడిన డాక్టరుకు, పక్క వార్డులో కాలు విరిగి పడుకున్న పిల్లాడు నిన్న ఏం తిన్నాడో అడగాలని ఎందుకు తట్టాలి? అది నేర్పాల్సిన విద్య. అంటువ్యాధుల దర్యాప్తులో ఆరోగ్య సిబ్బందికి ఇచ్చే శిక్షణకు గుండెకాయ ఇదే.

1940 నాటి విందు

ప్రపంచంలో ఎక్కడ ఈ శిక్షణ జరిగినా దాదాపు తప్పకుండా వచ్చే పాఠం ఒకటుంది. 1940 ఏప్రిల్‌లో న్యూయార్క్ రాష్ట్రం ఆస్వీగో కౌంటీలో ఒక చర్చి విందు జరిగింది. తిన్నవారిలో 75 మందిని తర్వాత అధికారులు కలిసి మాట్లాడారు. 46 మందికి వాంతులు, విరేచనాలు అయ్యాయి. విద్యార్థుల చేతికి ఈ 75 మంది జాబితా ఇచ్చి, కారణం కనుక్కోమంటారు.

మొదట అందరూ చేసేది రోగులు ఏం తిన్నారో చూడటం. 46 మంది రోగుల్లో 29 మంది పంది మాంసం తిన్నారు. మాంసం కదా, అనుమానం అటే పోతుంది. అప్పుడు గురువు అడుగుతాడు: తినని వాళ్ల సంగతేంటి? మాంసం తిన్న 46 మందిలో 29 మంది జబ్బుపడ్డారు, అంటే నూటికి 63. తినని 29 మందిలోనూ 17 మంది పడ్డారు, నూటికి 59. తేడా ఏముంది? వెనీలా ఐస్‌క్రీమ్ దగ్గరికి వస్తే, తిన్న 54 మందిలో 43 మందికి జబ్బు, నూటికి 80. తినని 21 మందిలో ముగ్గురికే, నూటికి 14. ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదనిపిస్తుంది. తినలేదన్న ఆ ముగ్గురి మీద కూడా చర్చ నడుస్తుంది. మరిచిపోయి ఉండొచ్చు, పక్కవాళ్ల చెంచాతో రుచి చూసి ఉండొచ్చు, వేరే జబ్బే అయి ఉండొచ్చు. లెక్క వంద శాతం కుదరలేదని జవాబును పారేయకూడదని కూడా అక్కడే నేర్చుకుంటారు.

మన పెళ్లిళ్లలో ఎవరికి వాంతులైనా నింద బిర్యానీ మీద పడుతుంది. బిర్యానీ తినని వాళ్లు ఆ పెళ్లిలో ఎంతమంది ఉంటారు? అందరూ తిన్నది రోగులూ తినే ఉంటారు. బాగున్నవాళ్లను అడగనంతకాలం పెరుగో, కోవానో, మజ్జిగలో కలిపిన నీళ్లో తప్పించుకుంటూనే ఉంటాయి. వంటవాడిపై కేసు పెట్టి చేతులు దులుపుకుంటారు.

ఊళ్లోకి వెళ్లాక

తరగతిలో ఈ లెక్క ఒక పూటలో అర్థమవుతుంది. ఊళ్లోకి వెళ్లాక మొదటి చిక్కు ఇంకోచోట వస్తుంది: అసలిది విజృంభణేనా? వానాకాలంలో జ్వరాలు ఎప్పుడూ ఉంటాయి. ఈ వారం 40 మంది వచ్చారంటే ఎక్కువా తక్కువా చెప్పాలంటే గత నాలుగైదేళ్లలో ఇదే వారంలో ఆ పీహెచ్‌సీకి ఎంతమంది వచ్చారో తెలియాలి. ఓపీ రిజిస్టరు సరిగా రాసే అలవాటు లేనిచోట ఎంత గొప్ప ఎపిడమాలజిస్టు (జబ్బులు జనంలో ఎలా పాకుతాయో చదివిన నిపుణుడు) వచ్చినా చేసేదేమీ ఉండదు. అందుకే మంచి శిక్షణ విజృంభణతో మొదలవదు. మామూలు రోజుల్లో రాసే వారపు నివేదికను చదవడంతో మొదలవుతుంది.

తర్వాత ఎవరిని రోగి అనాలి అన్న నిర్ణయం. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలినప్పుడు, ఎంతమంది దానితో చనిపోయారన్న దగ్గరే రాజకీయ నాయకుల మధ్య వాదన నడిచింది. ఒకరు ఒక అంకె, ఇంకొకరు మరో అంకె. ఎవరి మనసులో ఏముందన్నది పక్కన పెడితే, ముందే ఒక నిర్వచనం రాసుకోకపోతే ఇలాంటి వాదన తెగదు. ఫలానా తేదీ తర్వాత, ఫలానా ఊళ్లలో ఉంటూ, 24 గంటల్లో మూడుసార్లో అంతకు మించో నీళ్ల విరేచనాలు అయినవారు. ఇలా కాలం, చోటు, లక్షణం మూడూ కాగితం మీద పెట్టాలి. గుండెజబ్బు ఉన్న ముసలాయన విరేచనాలు పట్టుకుని రెండో రోజు పోతే ఆ చావును లెక్కలో వేయాలా వద్దా? ఆ సంగతి ముందే తేల్చుకుని ఉంటే, తర్వాత ఎవరి ఒత్తిడికీ అంకె మారదు. మన పత్రికల్లో విష జ్వరాలని వచ్చేవాటిలో మలేరియా ఉంటుంది, డెంగీ ఉంటుంది, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ ఉంటాయి. నాలుగింటినీ ఒకే కుప్పగా లెక్కపెడితే ఏ ఒక్కదాని దారీ దొరకదు.

నిర్వచనం చేతిలో పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి. ఆసుపత్రికి వచ్చినవాళ్లు కొందరే. మిగతావాళ్లు ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుని ఇంట్లోనే పడుకుని ఉంటారు. ఆ ఆర్‌ఎంపీని బెదిరించకుండా మాట్లాడటం కూడా శిక్షణలో భాగం కావాలి, ఎందుకంటే ఊళ్లో మొదటి రోగి ఎవరో చాలాసార్లు ముందుగా తెలిసేది అతనికే. దొరికిన ప్రతి మనిషికీ జాబితాలో ఒక వరస: పేరు, వయసు, ఇల్లు ఎక్కడ, ఏ తేదీన ఏ గంటకు మొదలైంది, ఏ నీళ్లు తాగారు, ఏం పని చేస్తారు. సిబ్బంది దీన్ని లైన్ లిస్ట్ అంటారు. ఈ ఒక్క కాగితం శుభ్రంగా ఉంటే సగం దర్యాప్తు అయిపోయినట్టే. జబ్బు మొదలైన తేదీకి బదులు ఆసుపత్రిలో చేరిన తేదీ రాయడం అన్నిచోట్లా జరిగే పొరపాటు. దాంతో లెక్కంతా రెండు రోజులు పక్కకు జరిగిపోతుంది, అసలు కారణమైన రోజు తప్పించుకుంటుంది.

ఆ తేదీలను రోజుకో గడి చొప్పున పేర్చి గీస్తే బొమ్మ మాట్లాడుతుంది. ఒక్కసారిగా లేచి ఒక్కసారిగా పడిపోతే అందరూ ఒకే పూట ఒకేదానికి గురైనట్టు. మెట్లు మెట్లుగా, కొన్ని రోజుల ఎడంతో లేస్తే మనిషి నుంచి మనిషికి పాకుతున్నట్టు. తగ్గకుండా పరుచుకుని ఉంటే పాడైన నీళ్లు ఇంకా వస్తూనే ఉన్నట్టు. దాంతోపాటు ఊరి పటం మీద ఇళ్లను గుర్తుపెట్టి, ఏ వీధి ఏ ట్యాంకు కింద ఉంది, పైపు ఎక్కడ మురుగుకాల్వను దాటుతోంది, ఏ వీధివాళ్లు బోరు నీళ్లు తాగుతారు అన్నది దాని మీద వేయాలి. ఈ పటం గీయడానికి డాక్టరు కంటే వాటర్‌మన్ ఎక్కువ పనికొస్తాడు. నీళ్లు వదిలేది, వాల్వు తిప్పేది అతనే.

నమూనాల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఎక్కువ దర్యాప్తులు కూలిపోయేది అక్కడే. విరేచనాలతో వచ్చిన మనిషికి యాంటీబయాటిక్ మొదలుపెట్టాక మలం నమూనా తీస్తే క్రిమి పెరగదు. తీసినదాన్ని సరైన మీడియంలో (క్రిమిని బతికించి ఉంచే పదార్థంలో) పెట్టకుండా మామూలు డబ్బాలో జిల్లా ల్యాబ్‌కు పంపినా అంతే. రిపోర్టులో ఏమీ లేదని వస్తుంది, కలరా లేదని ప్రకటిస్తారు. లేదనడం వేరు, దొరకలేదనడం వేరు అని పీహెచ్‌సీ ల్యాబ్ టెక్నీషియన్‌కు నేర్పడం పెద్ద ఖర్చు కాదు.

చెప్పులు అరగాలి

ఇలాంటి శిక్షణకు ఆధునిక రూపం ఇచ్చినది అమెరికాలోని ఎపిడమిక్ ఇంటెలిజెన్స్ సర్వీస్, క్లుప్తంగా ఈఐఎస్. 1951లో, కొరియా యుద్ధం నడుస్తూ, శత్రువులు క్రిములను ఆయుధంగా వాడతారేమోనన్న భయం ఉన్న రోజుల్లో అలెగ్జాండర్ లాంగ్మూర్ దాన్ని మొదలుపెట్టాడు. ఆ భయం నిజం కాలేదు గానీ, రెండేళ్లపాటు యువ వైద్యులను నేరుగా విజృంభణల్లోకి పంపి, పక్కన అనుభవం ఉన్న గురువును పెట్టి నేర్పే పద్ధతి నిలబడింది. అడుగున చిల్లు పడిన బూటు ఆ సంస్థ గుర్తు. 1980లో థాయ్‌లాండ్ ఇదే తరహా శిక్షణ మొదలుపెట్టింది, ఆ తర్వాత పదుల దేశాలకు విస్తరించింది. మన దేశంలో చెన్నైలోని జాతీయ ఎపిడమాలజీ సంస్థ 2001 నుంచి రెండేళ్ల శిక్షణ నడుపుతోంది. ఢిల్లీలో ఇండియా ఈఐఎస్ 2012లో వచ్చింది. వీటికి వెనుక 1994 నాటి సూరత్ ప్లేగు గుణపాఠం ఉంది. ఆ దెబ్బ తర్వాతే నిఘా వ్యవస్థ గురించి గట్టిగా ఆలోచించారు, 2004లో సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం మొదలైంది. ఏఎన్‌ఎం లక్షణాలను బట్టి నింపే ఫారం, డాక్టరు అనుమానాన్ని బట్టి నింపే ఫారం, ల్యాబ్ ఫారం అని మూడంచెలు అప్పుడే వచ్చాయి. ఇప్పుడు అవి ఆన్‌లైన్ పోర్టల్‌లోకి మారాయి.

ఈ కోర్సుల్లో తరగతి గది కాలం తక్కువ. ఎక్కువ భాగం ఉద్యోగం చేస్తూ, జిల్లాలో ఉంటూ నేర్చుకోవాలి. విద్యార్థి స్వయంగా ఒక విజృంభణను దర్యాప్తు చేయాలి, ఒక నిఘా వ్యవస్థ ఎంత బాగా పనిచేస్తుందో అంచనా వేయాలి, నివేదిక రాయాలి. రెండు రోజుల వర్క్‌షాప్, భోజనం, సర్టిఫికెట్ పద్ధతితో ఈ విద్య రాదు. లైన్ లిస్ట్ ఎలా ఉంటుందో స్లైడ్ మీద చూసినవాడికీ, వర్షంలో 60 ఇళ్లు తిరిగి ఒకటి తయారుచేసి, దాన్ని గురువు ఎర్ర పెన్నుతో సరిదిద్దగా చూసుకున్నవాడికీ చాలా తేడా ఉంటుంది.

ఈ శిక్షణ ప్రాణాలు నిలబెడుతుందా అని అడిగేవాళ్లకు నైజీరియా సమాధానం. 2014 జులైలో ఎబోలా సోకిన ఒక ప్రయాణికుడు విమానంలో లేగోస్ చేరాడు. కోటికి పైగా జనం ఉన్న నగరం. అక్కడి క్షేత్ర ఎపిడమాలజీ శిక్షణలో తయారైనవాళ్లు, పోలియో పనిలో అప్పటికే ఇల్లిల్లూ తిరిగినవాళ్లు కలిసి, ఆ రోగులతో మెలిగిన 894 మందిని గుర్తించి రోజూ వెళ్లి చూశారు. 20 మందికి సోకింది, 8 మంది చనిపోయారు, అక్టోబరుకల్లా ముగిసింది. అదే జబ్బు గినియాలో 2013 డిసెంబరులో మొదలై మార్చిదాకా ఎవరికీ అంతుపట్టలేదు. ఆ మూడు నెలల్లో చేయిదాటిపోయింది, పశ్చిమ ఆఫ్రికాలో 11 వేల మందికి పైగా పోయారు.

మన దేశంలోనే ఇంకో జోడీ ఉంది. 2001లో సిలిగురిలో ఒక ప్రాణాంతక జ్వరం ఆసుపత్రుల్లోనే పాకింది. రోగులను చూసుకున్న సిబ్బంది, చూడవచ్చిన బంధువులు పడిపోయారు. 66 మందిలో 45 మంది చనిపోయారు. అది నిపా అని నమూనాల ద్వారా తేలి ప్రచురితమయ్యేసరికి 2006 వచ్చింది. 2018 మేలో కేరళ కోళికోడ్‌లో ఒకే ఇంట్లో రెండో మనిషి అదే లక్షణాలతో ఆసుపత్రికి వచ్చాడు. అన్న వచ్చాడు, తమ్ముడు అప్పటికే చనిపోయాడు. ఆ ఆసుపత్రి డాక్టర్లు అది మామూలు మెదడువాపు కాదని అనుమానించి నమూనాలు మణిపాల్‌లోని వైరస్ ల్యాబ్‌కు పంపారు, కొద్ది రోజుల్లోనే పేరు తెలిసింది. అయినా 17 ప్రాణాలు పోయాయి, వారిలో రోగులకు సేవచేసిన నర్సు ఉంది. కానీ రెండు వేలకు పైగా మందిని వెతికి పట్టుకుని కనిపెట్టుకుని ఉండటంతో అది రెండు జిల్లాలు దాటలేదు. ఒకే ఇంట్లో ఇద్దరు అన్న వాక్యాన్ని ఒక డాక్టరు పట్టించుకోవడం దగ్గర ఇదంతా మొదలైంది.

మన దగ్గర

తెలుగు నేలకు ఈ విషయం కొత్త కాదు. 2003 జూన్ నుంచి ఆగస్టు మధ్య అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా తెలంగాణ జిల్లాల్లో, పిల్లలు జ్వరం వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే చనిపోయారు. 329 మంది జబ్బుపడితే 183 మంది పోయారు. అంతకుముందు మెదడువాపు అంటే అందరికీ జపనీస్ ఎన్‌సెఫలైటిసే. ఈసారి అది కాదని, చాందీపుర వైరస్ అని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ చెప్పింది. 1965లో నాగ్‌పూర్ దగ్గరి ఒక ఊళ్లో దొరికిన ఆ వైరస్ ఇసుక ఈగల ద్వారా పాకుతుందని భావిస్తారు. అలవాటైన జబ్బే అయి ఉంటుందని అందరూ అనుకోవడం ఎంత ప్రమాదమో చూడండి: జపనీస్ ఎన్‌సెఫలైటిస్ దోమకు తీసుకునే జాగ్రత్తలు వేరు, మట్టిగోడల పగుళ్లలో ఉండే ఇసుక ఈగకు తీసుకోవాల్సినవి వేరు.

ఏలూరు మరింత దగ్గరిది. 2020 డిసెంబరు 5న వన్‌టౌన్ ప్రాంతంలో జనం ఉన్నట్టుండి ఫిట్స్‌తో, తలతిరుగుడుతో పడిపోవడం మొదలైంది. కొద్ది రోజుల్లో వందల మంది ఆసుపత్రికి వచ్చారు. చాలామంది త్వరగానే కోలుకున్నారు. కొవిడ్ కాలం, ఊరంతా టెన్షన్. వెంటనే నీటి మీద అనుమానం, తర్వాత కూరగాయల మీద, తర్వాత దోమల మందు మీద. మనిషి నుంచి మనిషికి పాకినట్టు కనబడలేదు. ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు. ఆ తర్వాత పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని నిపుణులు ప్రభుత్వానికి చెప్పారు. అవి ఏ దారిన శరీరాల్లోకి వచ్చాయన్నది మాత్రం జనానికి నమ్మకం కలిగేలా తేలలేదు.

ఏలూరుకు పెద్ద సంస్థలన్నీ వచ్చాయి, పరీక్షలకు కొదవలేదు. ఒక్కో ల్యాబ్ ఫలితం వచ్చినప్పుడల్లా అదే కారణమన్నట్టు ప్రచారమైంది. రోగుల రక్తంలో సీసం కనిపించిందంటే వెంటనే రావాల్సిన ప్రశ్న, అదే వీధిలో జబ్బుపడనివాళ్ల రక్తంలో ఎంత ఉంది అని. ఆ పోలిక లేకుండా మొదటి వార్త బయటికి వెళ్లడం వల్ల జనంలో గందరగోళమే మిగిలింది. ఇలాంటి వేళ జనానికి ఏం చెప్పాలి, ఏం ఇంకా చెప్పకూడదు అన్నది కూడా దర్యాప్తు శిక్షణలో ఒక పాఠం కావాలి. ఇప్పటికి తెలిసింది ఇది, రేపు సాయంత్రం మళ్లీ చెబుతాం, అంతవరకు నీళ్లు కాచి తాగండి అని కలెక్టరు పక్కన నిలబడి చెప్పగల మనిషి ప్రతి జిల్లాలో ఒకరుండాలి.

ఎంతమంది కావాలి, ఎవరు కావాలి

ప్రపంచ ఆరోగ్య సంస్థ మదింపుల్లో వాడే కొలబద్ద ప్రకారం ప్రతి రెండు లక్షల జనాభాకు ఒక శిక్షణ పొందిన క్షేత్ర ఎపిడమాలజిస్టు ఉండాలి. 2011 జనాభా లెక్కల మేరకే చూసినా ఆంధ్రప్రదేశ్‌కు 250 మంది దాకా, తెలంగాణకు 175 మంది దాకా అవసరం. అంటే మూడు మండలాలకు అటూఇటుగా ఒకరు. వీళ్లందరూ రెండేళ్ల కోర్సు చదవాలని లేదు. ఇప్పుడు మూడంచెల శిక్షణ ఉంది: మూడు నెలలది కిందిస్థాయి సిబ్బందికి, తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా జిల్లా స్థాయివారికి, రెండేళ్లది రాష్ట్ర, జాతీయ స్థాయికి. రెండేళ్ల కోర్సు చేసిన ఒక్కరిని తయారుచేసి రాజధానిలో కూర్చోబెట్టడం కంటే, ఆ ఒక్కరినీ గురువుగా పెట్టి పాడేరు, ఉట్నూరు లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో 20 మంది సూపర్‌వైజర్లను మూడు నెలల పద్ధతిలో తీర్చిదిద్దడం ఎక్కువ ఫలితమిస్తుంది. అక్కడ వర్షాకాలంలో దారులు తెగిపోతాయి. బయటి బృందం చేరేసరికి నాలుగు రోజులు అయిపోయి ఉంటాయి. కోయ, గోండి, సవర మాట్లాడగల ఏఎన్‌ఎం అడిగే ప్రశ్నకు వచ్చే జవాబు, జీపు దిగిన అధికారి దుబాసీతో అడిగితే రాదు.

ఏఎన్‌ఎంలకు, ఆశాలకు పని ఇప్పటికే తలకు మించి ఉందన్న మాట నిజం. ఒక్కొక్కరి ఫోన్‌లో యాప్‌లు, నింపాల్సిన రిజిస్టర్లు ఎన్నో. వాళ్ల మీద ఇంకో శిక్షణ, ఇంకో ఫారం వేస్తే అది ఎవరికీ పనికిరాదు. కాబట్టి వాళ్లకు నేర్పాల్సింది తక్కువే: ఒకే వీధిలో, ఒకే బడిలో, ఒకే పెళ్లి తర్వాత, ఒకే వారంలో ఒకే తరహా జబ్బు రెండు మూడు చోట్ల కనిపిస్తే, ఫారం కోసం ఆగకుండా ఫోన్ చేయడం. ఆ ఫోన్ ఎత్తే మనిషి అవతల ఉండటం, మర్నాడు వచ్చి చూడటం ప్రభుత్వం చేయాల్సిన పని. మూడుసార్లు చెప్పినా ఎవరూ రాకపోతే నాలుగోసారి ఆమె చెప్పదు, చెప్పలేదని ఆమెను తప్పుపట్టలేం. దర్యాప్తు ముగిశాక కారణం ఏమిటో తెలిపే ఒక పేజీ తెలుగులో ఆ సబ్ సెంటర్‌కు వెళ్లాలి. ఇప్పుడు నివేదికలు పైకి వెళ్లే దారే ఉంది, కిందికి వచ్చే దారి దాదాపు లేదు.

కేసులు ఎక్కువ చూపించిన పీహెచ్‌సీకి సంజాయిషీ నోటీసు వెళ్లే ధోరణి ఇంకో అడ్డంకి. జబ్బు పెరిగిందని ముందుగా చెప్పినవారికి శిక్ష, దాచినవారికి ప్రశాంతత అయితే ఎంత మంచి శిక్షణైనా మొదటి నెలలోనే మరుగునపడుతుంది. ప్రపంచవ్యాప్తంగా ఇప్పుడు మాట్లాడుకుంటున్న 7-1-7 లక్ష్యం ఇక్కడ ఉపయోగపడుతుంది: జబ్బు తలెత్తిన 7 రోజుల్లో గుర్తించాలి, గుర్తించిన ఒక్క రోజులో పైకి తెలపాలి, తర్వాతి 7 రోజుల్లో తొలి కట్టడి చర్యలన్నీ పూర్తవ్వాలి. ఇందులో కేసుల సంఖ్యకు మార్కులు లేవు, వేగానికే ఉన్నాయి. జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌ఓ) సమీక్షలో ఎన్ని కేసులు అని అడగడం మాని, ఎన్నో రోజున తెలిసింది, ఆలస్యం ఎక్కడ జరిగింది అని అడిగితే కింది సిబ్బంది నడత మారుతుంది.

ఉద్యోగాల సంగతీ మాట్లాడుకోవాలి. జిల్లా నిఘా విభాగాల్లోని ఎపిడమాలజిస్టుల్లో చాలామంది కాంట్రాక్టు మీద ఉన్నారు. రెండేళ్లు కష్టపడి జిల్లాలోని ప్రతి నీటి ట్యాంకునూ, ప్రతి ఆర్‌ఎంపీనీ తెలుసుకున్న మనిషి, జీతం ఆలస్యమై, రెన్యువల్ అనుమానమై, మెరుగైన చోటు దొరికి వెళ్లిపోతే ఆ తెలివిడి అంతా ఆయనతోనే వెళ్లిపోతుంది. కొత్తగా వచ్చినవారు మళ్లీ ఓపీ రిజిస్టరు దగ్గర మొదలుపెట్టాలి. శిక్షణకు పెట్టే డబ్బులో కొంత భాగం ఈ పోస్టులను పర్మనెంట్ చేయడానికి, ఒక వాహనానికి, నమూనాలు పంపే ఖర్చుకు కేటాయించడం రెండు రాష్ట్రాలూ వచ్చే బడ్జెట్‌లోనే చేయగల పని.